ముందు గిల్లింది ఎవరు

మే 11, సోమవారం

ఈ రోజు ఏమీ జరగలేదు. లెక్కల బోధన పరీక్షలో మార్కులు ఇచ్చారు. క్లాసులో నాదే మొదటి మార్కు. మరిబెల్ సంబరంగా నాకు చీజు పెట్టి వేయించిన రొట్టె కొనిపెట్టింది. సగమే తినగలిగాను.

మే 12, మంగళవారం

నిన్నటి సంగతి రాసేస్తాను. రాస్తే చిన్నదైపోతుంది.

సాయంత్రం నాలుగింటికి నేనూ మరిబెల్ కాలేజీ గేటు దాటుతున్నాం. ఎదుటి పక్క రొట్టెల బండి దగ్గర ఒక నల్లావిడ నిలబడి ఉంది. మరిబెల్ నా మోచేతి మీద గిల్లి, "అదృష్టం!" అని అరిచింది. అలవాటు కొద్దీ నేనూ తిరిగి గిల్లాను. ఆ తర్వాత చూశాను. అమ్మ.

అప్పటికే మినీబస్సు వచ్చేసింది. ఎక్కేశాం.

ఇందులో తప్పేమీ లేదు. కొండ మీది ఈ లా పాస్ నగరంలో అందరూ చేసేదే. వీధిలో నల్లవాళ్ళు కనబడితే పక్కవాళ్ళని గిల్లి అదృష్టం అంటారు, ఆ రోజు అనుకున్న పని అవుతుందని నమ్మకం. కండక్టర్లు చేస్తారు. చర్చి మెట్ల మీద ముసలమ్మలు చేస్తారు. మా చరిత్ర మాస్టారు కూడా ఒకసారి చేశాడు. ఎవరూ ద్వేషంతో చెయ్యరు. "మిమ్మల్ని చూస్తే జనం సంతోషిస్తున్నారు, ఇంకేం కావాలి?" అని మరిబెల్ వాళ్ళ నాన్న ఒక నల్ల సిపాయితో అన్నాడట. మరిబెల్ అది చెప్పినప్పుడు నేను కూడా నవ్వాను.

అమ్మ చూసి ఉండదు. ఎండ సరిగ్గా ఆమె కళ్ళలో పడుతోంది.

అదే రోజు, సాయంత్రం

గేటు దగ్గర కాపలా సెవేరో నన్ను ఆపాడు.

"అమ్మాయ్, నీకో మూట. నిన్న ఒక నల్లావిడ పెట్టిపోయింది. నెలీద యుహ్రాకి ఇవ్వమంది. ఎవరామె?"

"మా తోటలో పని చేస్తుంది."

"అబ్బో! అదృష్టాన్ని ఇంట్లోనే కట్టేసుకున్నారన్నమాట!" అని తన చెయ్యి తనే గిల్లుకుని నవ్వాడు.

ఆలోచిస్తే నేను అబద్ధం ఆడలేదు. తోటలో పని చేసేది ఆమే కదా. తోట కూడా ఆమెదేనని చెప్పలేదు, అంతే.

మూటలో కమలాపండ్లు. వాటి మీద, అరటాకులో చుట్టి, వేయించిన అరటికాయ ముక్కలు. అవి ఏ రోజువి ఆ రోజే తినాలి. ముక్కల మీద నూనె గడ్డకట్టింది.

మే 14, గురువారం

కమలాపండ్లు అయిపోయాయి. మా గదిలో మరిబెల్ ఒక్కతే పదిహేను తింది. "మీ పనావిడ చేతి చలవ గొప్పదే," అంది. నేను అవునన్నాను.

అరటికాయ ముక్కలు పారెయ్యలేక పెట్టె కింద పెట్టాను. ఈ రోజు పారేశాను.

మే 16, శనివారం

వియ్యా ఫాతిమాకి వెళ్ళాను. కొండల కింద మా యుంగాస్ లోయలకి వెళ్ళే బళ్ళు ఆగేది అక్కడే. పళ్ళకాలంలో అమ్మ శనివారాలు అక్కడ కూర్చుని అమ్ముతుంది. మరిబెల్‌ని కూడా రమ్మన్నాను. ఎందుకు తీసుకెళ్ళానో ఇప్పుడు తెలుస్తోంది. ఒక్కదాన్నే వెళితే అమ్మతో మాట్లాడాల్సి వచ్చేది.

డీజిల్ పొగలో, గోనెసంచి మీద కూర్చుని ఉంది. కుచ్చుల పరికిణీ, గుండ్రటి టోపీ, గోధుమరంగు శాలువా. మా ఊరి నల్ల ఆడవాళ్ళు ఇక్కడి కొండజాతి ఐమారా ఆడవాళ్ళలాగే కట్టుకుంటారు. వెనక నుంచి చూస్తే తేడా తెలియదు. ముందు నుంచి చూసిన వాళ్ళు ఆగిపోతారు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది:

"ఏం కావాలి సెన్యోరితా? తియ్యగుంటాయి, పొద్దున కోసినవి."

పట్నం అమ్మాయిల్ని పిలిచినట్టు సెన్యోరితా అంది. నన్ను.

"పాతిక ఎంత?" అని అడిగింది మరిబెల్.

"నీ నవ్వు బాగుంది గదా, అయిదు కొసరేస్తాలే."

"దీనికీ వెయ్యి కొసరు! ఇదీ మీ యుంగాస్ పిల్లే. ఎండకి ఎలా కమిలిపోయిందో చూడు!"

అమ్మ తలెత్తి నా ముఖంలోకి చూసింది. కొత్తవాళ్ళని చూసినట్టే చూసింది.

"అట్లనా? ఏ ఊరు తల్లీ?"

"కరనావి," అన్నాను. మాది కాకపోయినా, మరిబెల్‌కి మొదటి సంవత్సరంలో చెప్పిన ఊరు అదే.

"మీ అమ్మ బాగుందా?"

"బాగుంది."

"మంచిది. బాగా చదువుకో."

కొసరు పళ్ళు నా సంచిలో వేసింది. అయిదు కాదు, ఎనిమిది. నేను లెక్కపెట్టాను, ఆమె ముఖం చూడలేక.

తిరిగొస్తుంటే మరిబెల్ అంది, "ఎంత మర్యాదస్తురాలో పాపం."

మే 17, ఆదివారం

ఒక మాట దిద్దాలి. సోమవారం మరిబెల్ గిల్లాక అమ్మని చూశానని రాశాను. కాదు. గిల్లకముందే, గేటు దాటుతుండగానే చూశాను. మూట వీపున కట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడుతుంది. అలా నిలబడేది ఆమె ఒక్కతే. ఎడమ మోకాలు నొప్పి.

తెలిసే తిరిగి గిల్లాను.

మే 20, బుధవారం

ఆమె కళ్ళలో ఎండ పడలేదు. నాలుగింటికి ఆ పక్క నీడ.

మే 23, శనివారం

వియ్యా ఫాతిమాకి వెళ్ళలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి. నిజంగానే దగ్గర పడ్డాయి.

మే 27, బుధవారం

అమ్మల రోజు. కాలేజీలో చిన్న సభ పెట్టారు. రేపు టీచర్లయ్యాక మనం పిల్లలచేత రాయించాలి కాబట్టి ముందు మనం రాయాలని, అందరూ తల్లి గురించి ఒక పేజీ రాయమని భాష టీచరు చెప్పింది. నేను ఐమారా అమ్మ గురించి రాశాను. మగ్గం ముందు కూర్చుంటుంది, పొడుగు నల్లటి జడలు, గొర్రెల మంద, మంచుకొండ. అన్నీ మరిబెల్ వాళ్ళ అమ్మమ్మవి. నా పేజీనే చదివించారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. మరిబెల్ వాళ్ళ అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "మీ అమ్మ ఎంత పుణ్యం చేసుకుందో," అంది. ఆమె నాకు చలికోటు ఇచ్చిన మనిషి. వాళ్ళింట్లో వారానికి రెండుసార్లు సూప్ తాగుతాను. మంచివాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళయితే నాకు తేలికగా ఉండేది.

నాన్న ఐమారా. ఉన్నప్పుడు అనేవాడు, నా జుట్టు తప్ప అన్నీ ఆయనవేనని. ఆ జుట్టుని రోజూ తడిపి, బిగించి జడ వేస్తాను. యుంగాస్ ఆవిరికి ఇలా ముడుచుకుపోయిందని చెబుతాను. ఎవరూ ఎప్పుడూ గట్టిగా అడగలేదు.

మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చింది నాకే. నేను ఏం రాస్తే అదే నిజమవుతుంది, చదివి దిద్దేవాళ్ళు లేరు. అందుకని ఇక్కడైనా సరిగ్గా రాయాలి.

ముందు గిల్లింది మరిబెల్ కాదు. నేను.

మరిబెల్ అసలు అటు చూడనే లేదు, మార్కుల గురించి మాట్లాడుతోంది. అమ్మ నా వైపే చూస్తోంది. ఇంకొక్క క్షణం ఆగితే, "ఆ నల్లావిడ నిన్నే చూస్తోందేమిటే?" అని అడిగేది. ఆ మాట రాకూడదని మరిబెల్ చెయ్యి గిల్లి అదృష్టం అన్నాను. పెద్దగానే అన్నాను. అలా అన్నాక ఆమె ఎవరైనా కావచ్చు. ఎవరి వైపు చూసినా ఎవరూ పట్టించుకోరు.

పని చేసింది. మరిబెల్ నవ్వి నన్ను తిరిగి గిల్లింది. బస్సు ఎక్కాం.

జూన్ 6, శనివారం

పరీక్షలు బాగా రాశాను. వియ్యా ఫాతిమాకి వెళ్ళాను, ఒక్కదాన్నే. ఆమె చోట ఇంకెవరో కూర్చున్నారు. మా ఊరి డ్రైవరు ఫెర్మీన్, "మీ అమ్మ ఈ మధ్య కింద కొరోయికోలోనే టోకున ఇచ్చేస్తోంది. పై ఊరు చలి అంటోంది," అన్నాడు.

ఆమెకి ఇన్నేళ్ళూ లేని లా పాస్ చలి.

జూన్ 24, బుధవారం

ఊళ్ళో ఉన్నాను. సాన్ హువాన్ మా ఊరి దేవుడు, పండుగ.

నిన్న మధ్యాహ్నం బండి దిగాను. అమ్మ వాకిట్లో కోకా ఆకు ఎండబోస్తోంది. "వచ్చినావా. కాళ్ళు కడుక్కో," అంది. అన్నం పెట్టింది, కోడి పులుసు పోసింది. ఏమీ అడగలేదు. "అమ్మా, ఆ సోమవారం..." అని మొదలుపెట్టాను. "ఆకు మీద నడవమాక, నలిగిపోద్ది," అంది. నేను ఆకు మీద లేను.

ఈ రోజు పూజ అయ్యాక మా నల్లవాళ్ళ ఆటపాట, సాయా, మొదలైంది. మగవాళ్ళు డప్పులతో వెనక, ఆడవాళ్ళు తెల్ల బట్టల్లో ముందు, రెండు వరసలు. వరసకి ముందు నడిచి పాట ఎత్తేది మా అమ్మ. ఇరవై ఏళ్ళుగా ఆమే. నేనూ తెల్ల పరికిణీ కట్టుకుని ఐదో మనిషిగా నిలబడ్డాను. వరసలో అందరికన్నా తెల్లగా ఉన్నది నేనే. చిన్నప్పుడు అందుకు గర్వపడేదాన్ని.

సాయాలో ఎవరైనా ఎవరినైనా పాట కట్టి అనొచ్చు. పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి, కంచె జరిపినవాణ్ణి, ఎవరినైనా. కోపం తెచ్చుకోకూడదు. అనిపించుకున్నవాళ్ళు కూడా అందరితో కలిసి ఆ మాట తిరిగి పాడాలి. అదే కట్టుబాటు.

రెండో వరస నుంచి ఇసిదోరా పెద్దమ్మ ఎత్తుకుంది. అమ్మకి అక్క. ఆ సోమవారం అమ్మతో ఆమె కూడా వచ్చిందట. రొట్టెల బండి వెనక మెట్టు మీద కూర్చుందట. నాకు తెలియదు.

"కమలాలు మోసుకుని కొండెక్కి పోతే
కడుపున పుట్టింది గిల్లిందే, గిల్లిందే!
కలిసొచ్చెనా పిల్లా, కలిసొచ్చెనా?
కన్నతల్లి నలుపు నీకు కలిసొచ్చెనా?"

నవ్వులు లేచాయి. ఎవరి గురించో ఇంకా తెలియక నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నా వైపు తిరగడం మొదలుపెట్టారు, నవ్వులు తగ్గాయి. డప్పులు ఆగలేదు. వరస మొత్తం ఆ మాట తిరిగి పాడాలి. పాడారు. నేనూ పాడాను. గిల్లిందే, గిల్లిందే. నా గొంతు నాకు వినిపించింది, మిగతా గొంతులకన్నా సన్నగా.

పెద్దమ్మ రెండో చరణానికి గాలి పీల్చుకుంటోంది. అంతలో అమ్మ ముందు నుంచి దేవుడి పాట ఎత్తుకుంది, పెద్ద గొంతుతో, వంతు కాకపోయినా. ఇంకొకరి పాట మధ్యలో అడ్డుకోవడం తప్పు. ఇరవై ఏళ్ళలో ఆమె చెయ్యని తప్పు. డప్పుల వాళ్ళు తడబడ్డారు, కాళ్ళకి గంటలు కట్టుకుని ఆట నడిపే పెద్దాయన ఆగి ఆమె వైపు చూశాడు. అమ్మ ఎవరినీ చూడలేదు. మోకాలు లాగుతున్నా తిరిగి, తిరిగి, పాడుతూనే ఉంది. చివరికి డప్పులే ఆమె వెంట వెళ్ళాయి.

పెద్దమ్మ నా పక్క నుంచి పోతూ అంది, "అదిగో, మళ్ళీ నిన్నే కాపాడింది. సిగ్గులేని దానా."

జూన్ 25, గురువారం

పొద్దున ఆకు కోయడానికి అమ్మ వెంట వెళ్ళాను. ఇద్దరం పక్కపక్క పొదల దగ్గర కోశాం. నా వేళ్ళు మెత్తబడ్డాయి, వెంటనే బొబ్బలెక్కాయి.

"నేను కావాలనే చేశాను," అన్నాను. "మరిబెల్ కాదు. నేనే ముందు గిల్లాను."

"తెలుసు. చూసినా గదా."

"కొట్టు అమ్మా."

"ఇప్పుడా? కొట్టే వయసులో కొట్టలేదు. ఇప్పుడు చెయ్యి నొప్పి." కాసేపు కోసింది. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది. "నేను పదేళ్ళప్పుడు మా అమ్మతో మొదటిసారి పై ఊరు పోయినా. సంత దాటేలోపు నలబై మంది గిల్లుకున్నారు. నేను లెక్కపెట్టినా. ఒక పెద్దమనిషి మా అమ్మనే గిల్లిపోయినాడు, ఇంకా ఎక్కువ కలిసొస్తాదని. ఆ రోజే అనుకున్నా, నా పిల్లకి ఇది ఉండకూడదు అని. మన వాళ్ళలో అడిగినోళ్ళు లేక కాదు మీ నాన్నని చేసుకున్నది. నువ్వు పుట్టినప్పుడు చెవుల అంచుల రంగు చూసినా, ముదురుతాదో లేదో అని. ముదరలేదు. మొక్కు తీర్చుకున్నా. మరి నేను కోరుకున్నదే గదా నువ్వు చేసింది? ఎవరిని కొట్టాల?"

ఆమె నన్ను క్షమిస్తోందని అనుకున్నాను. ఎంత తొందర నాకు.

"ఒక్కటి అడుగుతా," అంది. "ఆ రోజు నేను నిన్ను పిలిచినా. నెలీ అని. రెండుసార్లు. బళ్ళ చప్పుడులో వినపడలేదేమో అనుకున్నా. ఇప్పటికీ అదే అనుకుంటున్నా. వినపడిందా?"

ఈ పుస్తకంలో ఎక్కడా ఆ మాట రాయలేదు. దిద్దుతూ దిద్దుతూ వచ్చి కూడా రాయలేదు. రాయకపోతే జరగనట్టే అనుకున్నాను. వినపడలేదని ఒక్క మాట అంటే చాలు, ఆమెకి ఆ ఒక్కటైనా మిగులుతుంది. లేక నాకు మిగులుతుందా?

"వినపడింది," అన్నాను. "రెండుసార్లూ."

అమ్మ కోయడం ఆపింది. శాలువా కొస నోటికి అడ్డం పెట్టుకుంది. నేను దగ్గరికి వెళ్ళబోతే చేత్తో వద్దంది. తర్వాత మళ్ళీ కోయడం మొదలుపెట్టింది, ఇంకో వరసలో, నాకు దూరంగా.

"రెండింటికి ఫెర్మీన్ బండి ఉంది," అంది అక్కడి నుంచే. "పో. చదువు మానమాక."

జూలై 2, గురువారం

మరిబెల్‌కి చెప్పాను.

"ఆ నల్లావిడ మా అమ్మ."

"ఏ నల్లావిడే?"

ఆమెకి గుర్తు లేదు. నిజంగానే లేదు. రొట్టెల బండి అన్నాను, కమలాపండ్లు అన్నాను, ఎనిమిది కొసరు అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ముందు నవ్వింది, తర్వాత ముఖం ఎర్రబడింది.

"మరి నువ్వు కూడా గిల్లావు కదే?"

"నేనే ముందు గిల్లాను."

మంచం మీద కూర్చుండిపోయింది. "కానీ... నువ్వు నల్లగా లేవు కదా," అంది చివరికి, నన్ను ఓదారుస్తున్నట్టుగా. నాకు ఓదార్పుగానే అనిపించింది, ఒక్క క్షణం. చెప్పడం వల్ల నాకు పోయేదేమీ లేదు. రేపు ఇదే వీధిలో నడిచినా నన్ను చూసి ఎవరూ గిల్లుకోరు.

జూలై 4, శనివారం

అమ్మ మళ్ళీ వియ్యా ఫాతిమాకి వచ్చింది. కొరోయికోలో టోకు ధర పడిపోయిందట, నా కోసం కాదు. ఫెర్మీన్ చెబితే తెలిసింది. ఏడింటికే వెళ్ళాను. నేను వస్తానని ఆమెకి తెలియదు.

"క్లాసు లేదా?" అంది.

"శనివారం అమ్మా."

గోనెసంచి మీద పక్కన కూర్చున్నాను. నన్ను జరగమనలేదు, తనూ జరగలేదు. పళ్ళు అయిదేసి పేర్చాం. ఆమె పేర్చినవి నిలబడ్డాయి, నావి దొర్లిపోయాయి. జనం వస్తూనే ఉన్నారు. గిల్లుకునేవాళ్ళు గిల్లుకుంటూనే ఉన్నారు. కింద కూర్చుంటే అది వేరేలా కనిపిస్తుంది. ముందు కళ్ళు పెద్దవవుతాయి, తర్వాత చెయ్యి పక్కకి పోతుంది, తర్వాత నవ్వు. ఆ నవ్వు మన తల మీదుగా పోతుంది. పది గంటలకి నలభై దాటాక లెక్క మానేశాను.

పదకొండింటికి ఒక బట్టల కొట్టావిడ వచ్చింది. బేరమాడుతూ, నన్ను పైకీ కిందకీ చూసి అమ్మని అడిగింది, "ఈ పిల్లెవరు? నీ దగ్గర కూర్చుందేం?"

నేను నోరు తెరిచాను. అమ్మే ముందు చెప్పేసింది.

"ఎవరో చదువుకునే పిల్ల. బండి కోసం చూస్తాంది."

"కాదండీ," అన్నాను. "ఈమె కూతుర్ని."

ఆవిడ ఒకసారి నన్ను, ఒకసారి అమ్మని చూసి గట్టిగా నవ్వింది. "పోనీలే, హాస్యానికైనా బాగుంది," అని పళ్ళు తీసుకుని పోయింది.

నమ్మలేదు. ఇంకా గట్టిగా చెబుదామని అమ్మ వైపు తిరిగాను, తను కూడా ఒక మాట అంటుందని. అమ్మ దొర్లిపోయిన నా పళ్ళు ఏరుతోంది. అనలేదు. మధ్యాహ్నం వరకూ ఆమె నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఏది కావాలన్నా వేలితో చూపించింది.

వచ్చే శనివారం ఆరింటికే వెళతాను.